తెల్లబడని నలుపు

ఇసక్కిసెల్వి ఫోను తెర మీద రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఒకటి మధ్యాహ్నం 2.04కి, రెండోది 2.06కి. రెండూ ఆమె అన్న సెందిల్‌కుమార్ చేసినవి. అదే రోజు 3.10కి అతని శవం కొలిమి పక్క గుంతలో కనబడింది.

“అట్లంటే రెండుగంటలా ఆరు దాకా మీ అన్న ప్రాణంతో ఉండినాడు,” అంది ఇళవరసి, ఆ అంకెలను నోటుపుస్తకంలోకి ఎక్కిస్తూ.

“ఆమాక్కా. నేను దా ఎత్తలా. పట్టాసు కంపెనీలో పోను లోపలికి ఎత్తుకొని పోగూడదు కదా. గేటులోనే ఇచ్చేయాల. సాయంత్రం ఐదున్నరకి చేతికి వచ్చె. అప్పటికి…”

ఉదయం 6.40. కోవిల్‌పట్టి పొలిమేరలో పట్టాసు, అంటే టపాసుల, కంపెనీ బస్సు ఆగే చోట ఇద్దరూ నిలబడి ఉన్నారు. అన్న పోయి పది రోజులైంది. ఈ రోజే ఆమె మళ్ళీ పనికి పోతోంది. కొలిమి గదిలో ఆర్గాన్ గ్యాస్ లీకై ఊపిరాడక చనిపోయాడని, తప్పు అతనిదేనని అతను పనిచేసిన పింగాణీ ఫ్యాక్టరీ వాళ్ళు చెబుతున్నారు. ఆ మాట నమ్మలేకే ఆమె నాలుగు రోజుల కింద విరుదునగర్‌లో ఇళవరసి ఆఫీసు మెట్లెక్కింది. ఇళవరసి పన్నెండేళ్ళు పోలీసు శాఖలో చేసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేస్తోంది. ఇద్దరి ఇళ్ళల్లోనూ తమిళం కలిసిన తెలుగే కావడంతో మొదటి రోజే మొహమాటం పోయింది.

“ముందుదినం ఏమన్నా అడిగినాడా? ఎప్పుడూ అడగంది?”

ఇసక్కిసెల్వి ఆలోచించింది. “కూడు తినేటప్పుడు ఒకటి అడిగె. ‘మీ కంపెనీకి నల్ల గరిటెలు వచ్చెనా?’ అని. రాలేదన్నా అంటి. ‘వస్తే ముట్టుకోవద్దు, మొదట నాకు చెప్పు’ అనె. ఏమిటికన్నా అని అడిగితే చెప్పలా. ‘రేపు ఒకటి వేసి చూస్తా, అప్పుడు దా తెలుస్తుంది’ అనె.”

“వచ్చెనా అవి?”

“తెల్దుక్కా. పదిదినాలుగా పోలేదు కదా. ఈ దినం పోతే తెలుస్తుంది.”

బస్సు వచ్చింది. ఇసక్కిసెల్వి మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. “అక్కా, మా అమ్మ ఇంకా వాడికీ కలిపి మూడు గిన్నెలు దా కడిగి పెడతా ఉంది. వాడు తప్పు చేసి సచ్చె అని మాత్రం రాసేయనీయొద్దు.”

బస్సు కదిలాక ఇళవరసి ఆ మాటల కింద ఇంకో వాక్యం రాసుకుంది. ఏం వేసి చూస్తానన్నాడు? ఎందులో?

* * *

9.30కి ఆమె ఫ్యాక్టరీ గేటు దగ్గర కారు ఆపేసరికి వసంతకుమార్ అప్పటికే నీడలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చంకలో ఫైలు. ఆరేళ్ళ కిందటి దాకా మదురైలో ఇద్దరూ ఒకే డిటెక్టివ్ ఏజెన్సీలో మూడేళ్ళు పనిచేశారు. ఇళవరసి మూడు నెలలు తిరిగి తేల్చిన ఒక కేసు రిపోర్టు కింద అతను తన సంతకం పెట్టుకున్నాడు. ఆ వారమే ఆమె బయటికొచ్చేసింది.

“నీకు ఇక్కడ పని లేదు,” అన్నాడతను తమిళంలో. “కంపెనీ తరఫున నా రిపోర్టు సిద్ధంగా ఉంది.”

“ఎప్పుడు దిగావు ఈ కేసులోకి?”

“ప్రమాదం జరిగిన మూడో రోజు. అంతకుముందు ఈ గేటు కూడా చూసింది లేదు. ఏం, అనుమానమా?”

“టైములన్నీ రాసుకోవడం అలవాటు. రిపోర్టులో ఏముంది?”

“కొలిమికి గ్యాస్ పోయే గొట్టానికి వాషర్ చిరిగింది. పొద్దుటి నుంచీ లీకు. ఆర్గాన్ గాలికన్నా బరువు, గుంతలోకి దిగి నిండింది. నీళ్ళ పంపు చూడ్డానికి సెందిల్‌కుమార్ అందులోకి దిగాడు. రెండు గుక్కలకే స్పృహ తప్పి ఉంటుంది. పొద్దున్నే వాషర్ మార్చాల్సింది అతనే.”

“నువ్వు చూశావా ఆ వాషర్?”

“ఫోటో ఉంది.”

“నేను అడిగింది అది కాదు.”

అతను నవ్వి ఫోను చెవికి పెట్టుకుని అవతలికి పోయాడు.

యజమాని నాగరాజన్ ఆఫీసు గదిలో ఒక్కడే కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. నల్లరేగడి ఊళ్ళో భూములు, మూడు తరాల పత్తి, మిరపకాయల వ్యాపారం. తమ్ముడి కూతురు బృంద పెద్ద చదువు చదివి వచ్చి చెప్పిందని పాత జిన్నింగ్ షెడ్డును పింగాణీ ఫ్యాక్టరీగా మార్చాడు. ఇళవరసి తెలుగులో పలకరించగానే ఆయన భుజాలు కొంచెం దిగాయి.

“ఆ దినం మీరు యాడ ఉండినారయ్యా?”

“పొద్దున తొమ్మిదికి వస్తి. ఒంటిగంటకి ఇంటికి పోయి, కూడు తిని పడుకొంటి. మూడుంబావుకి బృంద పోను చేసె.”

“పొద్దున ఉండినప్పుడు తేడాగా ఏమన్నా కనబడెనా?”

“కనబడె. గ్యాస్ వాసన. కొలిమి గదిలోకి పోతే గుప్పుమనె. చూడరా అని వానికి చెప్తి కూడా. వాడు వినలా.”

ఇళవరసి కలం ఆపింది. “ఎట్లాంటి వాసన? వంటగ్యాస్ మాదిరా?”

“ఆమా. అట్లా దా.”

“అయ్యా, ఆర్గాన్‌కి వాసన లేదు. రంగూ లేదు. గది నిండా ఉన్నా ముక్కుకి తెల్దు. తెలిసుంటే సెందిల్ ఆ గుంతలోకి దిగేవాడే కాదు. ఈ మాట మీకు ఎవరు నేర్పినారు?”

నాగరాజన్ కళ్ళు కిటికీ వైపు పోయాయి. కిటికీ అవతల వసంతకుమార్ ఫోనులో మాట్లాడుతూ అటూ ఇటూ నడుస్తున్నాడు.

“అట్లా చెప్తే కంపెనీకి మంచిదని…” ఆయన ఆగిపోయాడు. తువాలుతో మెడ తుడుచుకున్నాడు. “నాకు పత్తి తెలుసమ్మా. మిరపకాయ తెలుసు. ఈ పింగాణీ నాకు తెల్దు. నన్ను వదిలేయి.”

“మీ పనివాడు మీ మాట వినలేదని, అందుకే సచ్చినాడని అబద్దం చెప్తిరి. ఆ మాట పోలీసు కాయితంలోకి పోకముందే వెనక్కి తీసుకోండి.”



* * *

పోలీసులు కొలిమి గదికి ప్రమాదం రోజే తాళం వేశారు. సబ్ ఇన్‌స్పెక్టర్ శివరామన్ తాళం తీసేటప్పటికి 11.20. ఆయన తక్కువ మాటల మనిషి. ఎవరు ఏం ముట్టుకున్నా ముందు ఫోటో తీయాలని మాత్రం చెప్పాడు. బృంద ఆయన వెనకే వచ్చింది. ముప్పై దాటి ఉండదు. శవాన్ని మొదట చూసింది ఆమే. గుంత వైపు చూడకుండా గోడ పట్టుకుని నిలబడింది. శివరామన్ ముందు మాటలన్నీ తమిళంలోనే సాగాయి.

ఇళవరసి గుంతలోకి దిగింది. అయిదడుగుల లోతు, మూడడుగుల వెడల్పు. కొలిమిని చల్లబరిచే నీళ్ళ పంపు ఒకటి. అడుగున ఒక మూల నీళ్ళు బయటికి పోవడానికి గోడలో పిడికిలంత కన్నం. ఆమె టార్చి వేసి చూసింది. కన్నం అంచంతా ఏళ్ళ నాటి బూజు. ఒక్క వైపు మాత్రం బూజు రాసుకుపోయి, సిమెంటు మీద నల్లటి రబ్బరు గీత పడి ఉంది.

“ఈ కన్నం గోడకు అవతల ఎక్కడ తేలుతుంది?”

“గ్యాస్ సిలిండర్ల బోను కింద,” అంది బృంద.

శివరామన్ గుంతలోకి వంగి ఆ గీతను ఫోటో తీసుకున్నాడు. “ఏ గొట్టమైనా కావచ్చు, ఎప్పటిదైనా కావచ్చు,” అన్నాడు వసంతకుమార్ గుమ్మంలోంచి.

ఇళవరసి పైకెక్కి కొలిమి పక్కనున్న చిన్న యంత్రం వైపు చూపించింది. కొలిమి వేడి నిమిషనిమిషానికీ అందులో రికార్డవుతుంది. బృంద ఆ రోజు లెక్క తెర మీదికి తెచ్చింది. ఉదయం 8.30కి కొలిమి వేయడం. 1.35కి పదిహేనువందల డిగ్రీలు. రెండు గంటలు అదే వేడి. ఆ తర్వాత యంత్రం తనంతట తనే కొలిమిని ఆర్పేసింది.

“అప్పటి నుంచి కొలిమి తలుపు ఎవరూ తీయలేదా?”

“లేదు. అతన్ని చూశాక… అందులో ఏముందని ఎవరికి గుర్తుంటుంది?”

“ఏముంది అందులో?”

“గరిటెలు. పట్టాసు కంపెనీల్లో మందుగుండు పొడి నింపే గరిటెలు.” అంది బృంద. “ఇనుప గరిటె రాసుకుంటే నిప్పురవ్వ లేస్తుంది. మామూలు పింగాణీకి ఆ భయం లేదు, కానీ రెండు చిక్కులు. కింద పడితే పగులుతుంది. పైగా, పొడి రోజున నైలాన్ చీర విప్పేటప్పుడు చిటపటమంటుందే, ఆ కరెంటు పింగాణీలో నిలిచిపోతుంది. మందు పొడికి ఆ చిటుక్కు చాలు. అందుకే మేం అల్యూమినా అనే పింగాణీ పొడిలో జిర్కోనియా నానో రేణువులు, కార్బన్ నానోట్యూబులు కలుపుతాం. ఒక్కో ట్యూబు వెంట్రుకలో అయిదువేలో వంతు ఉంటుంది. మట్టి ఇటుకలో గడ్డి పోచల్లా అవి పగులును రెండు వైపులా పట్టుకుని ఆపుతాయి. కరెంటును కూడా నిలవనీయకుండా చేతి మీదుగా నేలలోకి దింపేస్తాయి.”

“ఆర్గాన్ ఎందుకు?”

“నానోట్యూబులంటే బొగ్గే కదా. వేడిలో గాలి తగిలితే కాలిపోతాయి. గరిటె నలుపు పోయి తెల్లబడుతుంది. గాలి చొరబడకుండా కొలిమిని ఆర్గాన్‌తో నింపి ఉంచుతాం.”

“తలుపు తీయండి.”

12.05. బృంద కొలిమి తలుపు తీసి, లోపలి పలకను రెండు చేతులా బయటికి లాగింది. ఆరు నల్ల గరిటెలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన, మూలగా, రూపాయి బిళ్ళంత ముక్కలు మూడు. మూడూ సుద్దలా తెల్లగా ఉన్నాయి.

“ఇవి నేను పెట్టలేదు,” అంది బృంద.

ఇళవరసి వంగింది. ప్రతి బిళ్ళ మీదా గోటితో గీసినట్టు ఒక తమిళ అక్షరం. సె.

“సెందిల్ చేసినవి,” అంది. “ముందు రోజు ఇంట్లో చెప్పాడు, రేపు ఒకటి వేసి చూస్తానని. ఏ పొడితో చేసి ఉంటాడు?”

“మొదటి విడత పొడి కొంచెం నా బల్ల మీద సీసాలో ఉండేది. నా చేత్తో కలిపింది. ఆ వారం సీసా ఖాళీగా కనబడితే పనివాళ్ళు పారేశారనుకున్నాను.” ఆమె ఒక బిళ్ళను వెలుతురులో తిప్పి చూసింది. “ఇవి తెల్లబడ్డాయంటే కొలిమిలోకి గాలి వచ్చింది. ఆర్గాన్ ఆగిపోయింది.”

“నా రిపోర్టులో ఉన్నదీ అదే,” అన్నాడు వసంతకుమార్. “లీకు. ధన్యవాదాలు.”

ఇళవరసి అతని వైపు తిరగలేదు. ఆమె చూపు పలక మీదే ఉంది.

“బృందా, బిళ్ళలు తెల్లబడ్డాయి. అదే పలక మీద, అదే వేడిలో, అదే గాలి తగిలిన గరిటెలు ఎందుకు తెల్లబడలేదు?”

బృంద ఒక గరిటె తీసి గోటితో గీకింది. తర్వాత పరుగులాంటి నడకతో పోయి, కరెంటు పారుతుందో లేదో చెప్పే మల్టీమీటరు తెచ్చింది. రెండు సూదులూ గరిటెకు ఆనించింది. మీటరు పలకలేదు. రెండో గరిటె, మూడోది. ఒక్కటీ పలకలేదు. జేబులోంచి తాళాల గుత్తి తీసింది. దానికి వేలాడుతున్న నల్ల పింగాణీ ముక్క, ఆమె చేసిన మొట్టమొదటి నమూనా, సూదులు తగలగానే కీచుమంది.

“ఇందులో నానోట్యూబులు లేవు.” ఆమె గరిటెను పలక మీద పెట్టేసింది. “ఇది టైల్స్‌కి వేసే నల్ల రంగు. ఇనుము, మాంగనీసు. ఎంత గాలి తగిలినా నల్లగానే ఉంటుంది. నా డబ్బాల్లో పొడి ఎవరో మార్చేశారు. ఈ దేశంలో అంత తేలిగ్గా దొరకని సరుకు, ఆ నానోట్యూబులు… సెందిల్ ఒకసారి అన్నాడు, అమ్మా ఈ మధ్య పొడి చేతికి మసిలా అంటడం లేదని. నేను పట్టించుకోలేదు.”

“ఒక బిళ్ళ పగలగొట్టండి. శివరామన్ సార్, వీడియో తీయండి. మిగతా రెండూ మీ దగ్గరే ఉంటాయి.”

మొదటి సుత్తి దెబ్బకు బిళ్ళ పగల్లేదు. రెండో దెబ్బకూ పగల్లేదు. నాలుగో దెబ్బకు రెండుగా విడింది. అంచు చుట్టూ గోరంత మందాన తెలుపు. లోపలంతా కాటుకలా నలుపు.

“పొద్దుటి నుంచీ లీకైతే ఇది ఎలా ఉండాలి?” అంది ఇళవరసి.

“లోపలిదాకా తెల్లబడాలి. మొదట్లో పొడి గుల్లగా ఉంటుంది, గాలి లోపలిదాకా దూరుతుంది. గట్టిపడ్డాక పై పొరను మాత్రమే కాల్చగలదు. ఇది గట్టిపడ్డాకే ఆర్గాన్ ఆగింది.”

“అంటే 1.35 తర్వాత.” ఇళవరసి ఇప్పుడు వసంతకుమార్ వైపు తిరిగింది. “పొద్దుటి నుంచీ లీకు లేదు. సెందిల్ 2.06కి చెల్లెలికి ఫోన్ చేశాడు, అప్పటికి బాగానే ఉన్నాడు. 3.10కి గుంతలో శవం. ఆ రోజు ఉదయం 8.15కి కొత్త సిలిండర్ బిగించినట్టు అతని చేత్తో రాసిన పుస్తకం ఉంది. పోలీసులు వచ్చి చూసేసరికి సిలిండర్ ఖాళీ. అందులో ఏడువేల లీటర్ల గ్యాస్. కొలిమికి నిమిషానికి రెండు లీటర్లు పోతుంది. ఆ లెక్కన రెండు రోజులు దాటి రావాలి. గంటలో ఎలా ఖాళీ అయింది?”

“వాషర్…”

“ఏ వాషర్ చిరిగినా గంటలో అంత పోదు. సిలిండర్ మీది చక్రాన్ని చేత్తో పూర్తిగా తిప్పాలి. ఆ చక్రం గోడకు అవతల, బోనులో ఉంది. సెందిల్ గోడకు ఇవతల, గుంతలో ఉన్నాడు. కొలిమికి పోయే గొట్టం ఊడదీసి, ఆ కన్నంలోంచి గుంతలోకి దూర్చి, అతను దిగాక చక్రం తిప్పారు. పని అయ్యాక గొట్టం మళ్ళీ బిగించారు. ఇది ప్రమాదం కాదు.”

శివరామన్ తన ఫోనులో వీడియో ఆపాడు. “ట్రే మొత్తం సీలు వేస్తున్నాను,” అన్నాడు.

“సరుకు మారిస్తే అది వ్యాపార మోసం,” అన్నాడు వసంతకుమార్ నెమ్మదిగా. అతని గొంతులో ఇందాకటి వెటకారం లేదు. “చావుతో ముడిపెట్టడానికి నీ దగ్గర ఒక్క పేరు కూడా లేదు.”

“ఇంకా లేదు,” అంది ఇళవరసి. అప్పుడే ఆమెకు ఉదయం బస్సు దగ్గరి మాట తట్టింది. ‘వస్తే ముట్టుకోవద్దు.’ “బృందా, ఈ మారిన పొడితో చేసిన గరిటెలు బయటికి పోయాయా?”

“ఒక్క విడత. నలభై.” అంది బృంద. “ఆ రోజు మధ్యాహ్నమే పోయాయి, ఎవరు తీసుకెళ్ళారో నేను చూడలేదు. విరుదునగర్ దగ్గర పట్టాసు కంపెనీకి.”

పేరు చెప్పగానే ఇళవరసి పరుగెత్తింది. అది ఇసక్కిసెల్వి పని చేసే కంపెనీ.

“సార్, బృందను మీ వెంటే ఉంచుకోండి,” అని గుమ్మంలోంచి అరిచింది. శివరామన్ తలూపాడు. టైము 12.28.

* * *

పట్టాసు కంపెనీ ఆఫీసు ఫోను మూడుసార్లు మోగి ఆగిపోయింది. సాత్తూరు దాటుతుండగా మేనేజరు ఎత్తాడు.

“గరిటెలా? గోడౌన్‌లో ఉండేవి. ఈ రోజే బయటికి తీసి ఇచ్చాం. భోజనాలయ్యాక ఒకటిన్నరకు నింపే గదుల్లో పని మొదలవుతుంది.”

“మొదలు పెట్టకండి. ఒక్క గరిటె కూడా మందును ముట్టకూడదు.”

“మీరు చెబితే ఎలా మేడమ్? ఓనరు చెప్పాలి.”

“ఓనరుకు ఇప్పుడే చెప్పండి. ఒకటిన్నర తర్వాత చెప్పడానికి ఆయనకు కంపెనీ ఉండదు.”

1.17కి ఆమె గేటు దగ్గర దిగింది. ఫోను అక్కడే ఇచ్చేసి, గార్డు వెంట ఎండలో లోపలికి పరుగెత్తింది. విడివిడిగా ఉన్న చిన్న గదుల ముందు పదిహేను మంది ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. మొదటి గది గడపకు అడ్డంగా ఇసక్కిసెల్వి కూర్చుని ఉంది. సూపర్‌వైజరు ఆమె మీద అరుస్తున్నాడు. ఆమె కదలడం లేదు. పక్కన నేల మీద తడి గోనెసంచి పరిచి ఉంది. దాని మీద నల్ల గరిటెలు వరసగా పేర్చి ఉన్నాయి.

ఇళవరసిని చూడగానే ఆమె లేచింది. “నల్లగరిటె చూసిన వెంటనే మా అన్న అడిగింది గుర్తుకి వచ్చె. నేను ముట్టలా. వీళ్ళనీ గదిలోకి పోనీయలా. పని పోతుంది అనె ఈయన. పోనీ అంటి.”

“సంచి ఎవరు తడిపినారు?”

“నేను దా. తడిగా ఉంటే మంచిది కదా అని.”

ఇళవరసి ఒక్క క్షణం గోడకు ఆనుకుంది. సూపర్‌వైజరుకు రెండే వాక్యాల్లో సంగతి చెప్పింది. అతను మేనేజరు కోసం పరుగెత్తాడు. ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఆ దినం రెండూ నాలుగుకీ, రెండూ ఆరుకీ ఆయన చేసింది దీనికి దా,” అంది ఇళవరసి, ఇసక్కిసెల్వి చెయ్యి పట్టుకుని. “ఈ గరిటెల్లో మోసం ఉందని ఆయనకి అనుమానం వచ్చె. మీరు ముట్టకూడదని చెప్పడానికి చేసినాడు.”

ఇసక్కిసెల్వి మళ్ళీ గడప మీద కూలబడింది. “నేను ఎత్తుంటే…”

“ఎత్తుంటే ఆయన చెప్పేది ఇదే. ఆ పని నువ్వు చేసేసినావు.”

ఆమె అప్పుడు ఏడ్చింది. పది రోజుల్లో మొదటిసారి పెద్దగా, అందరి ముందూ ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమెను లేపి నీడలోకి తీసుకుపోయారు.

మేనేజరు వచ్చి గదులకు తాళాలు వేయించాడు. ఇళవరసి గేటు దగ్గరికి తిరిగి వచ్చింది. పట్టాసు కంపెనీలోకి ఏది వచ్చినా గేటు పుస్తకంలో రాయాలి. ఎవరు తెచ్చారు, ఎన్నింటికి వచ్చారు, సంతకం. ఆమె పది రోజులు వెనక్కి తిప్పింది.

పింగాణీ గరిటెలు, నలభై. లోపలికి: 4.12. వెంట వచ్చినవారు…

ఆమె ఆ గడిని రెండుసార్లు చదివింది. ఆ సంతకం ఆమెకు కొత్త కాదు. ఆరేళ్ళ కింద తన రిపోర్టు కింద చూసిన అదే వంకర గీత. వసంతకుమార్.

“ఈయన గుర్తున్నాడా?” అని గార్డును అడిగింది.

“గుర్తున్నాడమ్మా. సొంత కారులో తెచ్చాడు. చేతులకంతా తుప్పు, నూనె. చక్రం ఏదో బిగుసుకుపోతే తిప్పానని, సబ్బు అడిగి ఇక్కడే కడుక్కున్నాడు.”

కోవిల్‌పట్టి నుంచి యాభై అయిదు నిమిషాల దారి. 4.12కి ఇక్కడుంటే, అక్కడ బయలుదేరింది మూడుంబావు ప్రాంతంలో. బృంద శవాన్ని చూసి కేకలు పెట్టినప్పుడు అతను ఇంకా ఆ గోడ అవతలే ఉన్నాడు. ఫ్యాక్టరీ గేటు కూడా చూడలేదన్న మనిషి.

ఆమె ఫోను తీసుకుని శివరామన్‌కు చేసింది. లైను బిజీ. బృందకు చేసింది. రెండో రింగుకే ఎత్తింది.

“అక్కా! గరిటెలు దొరికెనా?”

“దొరికె. అందరూ బాగుండారు. నువ్వు యాడ ఉండావు?”

“స్టేషన్‌కి పోతా ఉండాను, స్టేట్‌మెంట్ ఇచ్చేకి. ఎస్.ఐ. సారు ట్రే ఎత్తుకొని జీపులో ముందు పోయినారు. వసంతకుమార్ సారు తన కారులో దింపుతానని చెప్పె.”

“స్టేషన్ ఊర్లో దా కదా. ఎంతసేపు ఆయె ఎక్కి?”

“ఇరవై నిమిషాలు… ఆమాక్కా, ఇది స్టేషన్ దారి మాదిరి లేదు. అరుప్పుకోట్టై రోడ్డు మాదిరి ఉంది. రెండు పక్కలా పత్తి చేనులే. మనిషి జాడ లేదు.”

బృంద ఫోను స్పీకరులో పెట్టినట్టుంది, వెనక ఇంజను చప్పుడు సమంగా వినిపిస్తోంది. ఆ మూడేళ్ళ ఏజెన్సీ ఉద్యోగంలో వసంతకుమార్ ఆమెతో తమిళం తప్ప మాట్లాడింది లేదు, అతనికి తెలుగు రాదనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఇళవరసి గొంతు తగ్గించి, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

“బృందా, నేను చెప్పేది ముకంలో కనబడనీయొద్దు. కడుపు తిప్పతా ఉందని చెప్పి కారు నిలపమను. దిగిన వెంటనే ఇళ్ళుండే పక్కకి పరిగెత్తు. తిరిగి చూడొద్దు.”

అవతల ఫోను చేతులు మారిన చప్పుడు. బృంద గొంతు “సార్…” అని సగంలో ఆగింది.

“ఏమిటికి నిలపాల, ఇళవరసీ?” అన్నాడు వసంతకుమార్. యాస తప్పని, తొందర లేని తెలుగు. పుట్టి పెరిగిన ఇంట్లో మాట్లాడే తెలుగు. “ఇంకా చానా దూరం పోవాల మేము.”

లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఆ నెంబరు స్విచాఫ్ అయి ఉంది.